మధ్యాహ్నపు ముద్ద

పెళ్ళయిన కొత్తలో నాకు అన్నీ ముద్దొచ్చేవి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు భుజాలు రాసుకుని నిలబడటం ముద్దొచ్చేది. మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఏ భవనంలో అడుగుపెట్టినా లిఫ్టు చప్పుడు చెవిన పడగానే ఆగి, పాపం దీనికి జలుబు చేసినట్టుంది అనడం ముద్దొచ్చేది. వంటింటి కిటికీ తెరుచుకోవాలంటే కింది అంచున అరచేత్తో ఒక్క దెబ్బ వెయ్యాలని అత్తయ్య చూపిస్తే, ఇంటి తాళాలు చేతికిచ్చినంత మురిసిపోయాను. అలా మురిసిపోతూ తిరిగే మనిషికి ఎదురుగా ఉన్నది కూడా కనపడదు. నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. వచ్చినవాళ్ళందరికీ చూపు సరిచేసి పంపుతాను. మా మామయ్య చేతులు వణుకుతాయన్న సంగతి మాత్రం నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

తెలియనివ్వకపోవడం ఆ ఇంటి పద్ధతి. మామయ్యకి టీ ఎప్పుడూ సగం గ్లాసే వచ్చేది. ఆయన చొక్కాలకి బొత్తాలు పైకి కనిపించేవే తప్ప, లోపల అత్తయ్య కుట్టేసి ఉంచేది. బనీనులా తలమీంచి వేసుకోవడమే. ఒకసారి భోజనం దగ్గర ఆయన చేతిలోంచి చెంచా జారి పడింది. అత్తయ్య కిటికీ వైపు తిరిగి, వాన వచ్చేలా ఉంది అంది. బయట ఎండ మండిపోతోంది. మా ఆయన కూడా కిటికీ వైపే చూసి అవునన్నాడు. నేనూ మెడ సాచి వాన కోసం చూశాను. ఆ కాసేపట్లో మామయ్య వంగి చెంచా తీసుకున్నారు.

మామయ్య పిల్లల డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసేవారు. పిల్లలంతా ఆయన్ని 'నొప్పిలేని మామ' అనేవారట. సూది పట్టుకుని "అయిపోయింది, అయిపోయింది" అనేవారట. ఏడుద్దామని పిల్లాడు నోరు తెరిచేసరికి నిజంగానే అయిపోయేదట. చెయ్యి వణకడం మొదలయ్యాక డాక్టరు గారు చాలా మర్యాదగా, ఇంతకాలం కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నారు. అప్పటినించీ మామయ్య బాల్కనీలో పేము కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో ఒకదానికింద ఒకటి దాచుకుని రోడ్డు చూసేవారు.

ఆ బాల్కనీలోకే మా చిలకలు వచ్చాయి. నా కాలేజీ స్నేహితురాళ్ళు పెళ్ళికి ఇచ్చిన జంట అది. పంజరాల్లోనే పుట్టి పెరిగే చిన్నరకం చిలకలు. చెక్కపెట్టె గూడు కూడా వాళ్ళే ఇచ్చారు. చిలక గుడ్లు పెట్టిన రోజు అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, చూశావా, మీతోపాటే కాపురానికొచ్చాయి, ఎంత ముందున్నాయో అంది. నేను సిగ్గుపడి పాలు పొంగబెట్టాను.

పిల్లలు మూడు పుట్టాయి. తల్లి రెండిటికే నోటికందించేది. మూడోదాన్ని గూటి అంచుకి తోసేసేది. ఒక పొద్దున అది పంజరం అడుగున చల్లబడి పడి ఉంది. ఈకలు లేవు, కళ్ళు సరిగా తెరుచుకోలేదు. ముసలాయన ముక్కు తగిలించిన చిక్కుడుగింజలా ఉంది. నేను చీర కొంగులో పెట్టుకుని ఏడుస్తుంటే మామయ్య లేచి వచ్చారు. అప్పటిదాకా ఒళ్ళోంచి కదలని చేతులు అరచేతులై నా ముందుకు వచ్చాయి. వేలి కొనతో దాని ఛాతీ తాకి, బతికే ఉంది తల్లీ, గుడ్డ వెచ్చబెట్టు అన్నారు. ఆ చేతులు ఎలా ఊగుతున్నాయో నేను మొదటిసారి చూసింది అప్పుడే. వెంటనే నేను కూడా, ఎవరూ చెప్పకుండానే, కిటికీ వైపు చూశాను.

చిలకలు అమ్మే షాపాయన పొడి ఇచ్చి, ఎలా కలపాలో ఫోన్లో చెప్పాడు. ముద్ద ఎక్కువ వేడైతే గొంతు కాలుతుంది, చల్లారితే లోపల పులుస్తుంది. మామయ్య తన పాత పెట్టె తెరిచి థర్మామీటరూ, సూది తీసేసిన సిరంజిలూ బయటికి తీశారు. పిట్ట గొంతు కింద చిన్న తిత్తి ఉంటుంది. తిన్నదంతా ముందు అందులో చేరుతుంది. అది బొద్దుగా నిండాలి, గట్టిపడకూడదు. అది ఖాళీ అయ్యాకే మళ్ళీ పెట్టాలి. నోట్లో సిరంజి నడిమధ్య పెడితే ముద్ద ఊపిరి దారిలోకి పోతుంది, అందుకని పక్కనించి పెట్టాలి. ఇవన్నీ మేమిద్దరం తల దగ్గర తల పెట్టుకుని నేర్చుకున్నాం. పిల్లకి కొత్త ఈకలు ముళ్ళలా పొడుచుకొచ్చేసరికి మామయ్య, వీడి ఒంటినిండా సూదులే, వీడూ మా కాంపౌండరు కులమే అని 'సూదిగాడు' అని పేరు పెట్టారు.

పొద్దునా సాయంత్రమూ నా వంతు. పగలు నేను షాపులో ఉంటాను కాబట్టి మధ్యాహ్నపు ముద్ద మామయ్యది. అత్తయ్యకి ముక్కంటే భయం. గుమ్మం అవతల నిలబడి, కొరికిందా, కొరికిందా అని అడగడం వరకే ఆవిడ సాయం. నేను సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే మామయ్య ఎదురొచ్చి, ఇవాళ ఎంత తిన్నాడు, తిత్తి ఎంత నిండింది, ఎన్నిసార్లు తుమ్మాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. మా నాన్న ఇంతగా మాట్లాడటం నేను ఈ మధ్య వినలేదే అని మా ఆయన అంటుంటే, అదంతా నేను మెట్టినవేళ అని లోలోపల గర్వపడేదాన్ని.

కానీ సూదిగాడు నా దగ్గర సరిగా తినేవాడు కాదు. కళ్ళజోళ్ళకి నలుసంత మరలు బిగించే చెయ్యి నాది. సిరంజి పట్టుకుంటే రాయిలా కదలకుండా ఉండేది. వాడు దాన్ని ఎవరిదో పెన్ను అన్నట్టు చూసి మొహం తిప్పుకునేవాడు. నోట్లో పడింది కూడా బయటికి కారిపోయేది. మామయ్య దగ్గర మాత్రం అరిచి గోలచేసి మరీ తినేవాడట. ఒక సెలవు రోజు మధ్యాహ్నం తలుపు పక్కన నిలబడి చూశాను. మామయ్య మణికట్టు బల్ల అంచున ఆనించి సిరంజి అందించారు. దాని కొస సూదిగాడి ముక్కు మీద టకటకా ఆడుతోంది. అంతే, వాడు ఒళ్ళంతా ఊపుతూ, తల పైకీ కిందకీ కొడుతూ, పంపుతో తోడినట్టు ముద్దంతా లాగేశాడు. నేను చదివినది జంతుశాస్త్రమే, అయినా అప్పుడు గానీ వెలగలేదు. తల్లిచిలక పిల్లకి తినిపించేటప్పుడు తల ఊపుతూ కక్కి అందిస్తుంది. ఆ కుదుపు తగిలితేనే పిల్లకి ఇది తిండి అని తెలుస్తుంది. మామయ్య చెయ్యి సూదిగాడికి తల్లి ముక్కు.

నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. మామయ్యకి చెప్పకూడదు. చెప్పాలంటే వణుకు అన్న మాట అనాలి. ఆ మాట ఆ ఇంట్లో లేదు.

ఆ సాయంత్రం మామయ్య కిందికి నడవడానికి వెళ్ళారు. నేను ఆయన పేము కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, ఆయనలాగే మణికట్టు అంచున ఆనించి, తల ఓ పక్కకి వాల్చి, సిరంజి వణికించడం మొదలుపెట్టాను. వాడు అనుమానంగా చూశాడు. వణుకు చాల్లేదేమో అని ఇంకాస్త పెంచాను. "అయిపోయింది, అయిపోయింది" అని ఆయన గొంతు కూడా పెట్టాను. సూదిగాడు ఒక్కసారిగా తల ఊపుతూ అందుకున్నాడు. ఆ ఊపుకి ముద్ద చింది నా ముక్కుమీద పడింది. పక్కనే ఉన్న మా ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వుతూ, "చూశారా, అచ్చం మామయ్య చెయ్యే" అన్నాను.

మా ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. తిరిగి చూస్తే గుమ్మంలో మామయ్య.

కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి, అలమర మీదున్నది తీసుకుని వెళ్ళిపోయారు. అది పెట్టుకోలేదు, చేత్తో పట్టుకునే మెట్లు దిగారు.

మర్నాడు నేను షాపుకి బయల్దేరుతుంటే, ఇక మధ్యాహ్నం కూడా నువ్వే చూసుకోమ్మా, నాకు పగలు నిద్ర వస్తోంది అన్నారు. పగలు కునుకు తీయడమంటే రోగి లక్షణం అనే మనిషి ఆయన. ఆ రోజునించీ నేను మధ్యాహ్నం షాపులోంచి పరుగున వచ్చి, చెయ్యి వణికిస్తూ ముద్ద పెట్టి, మళ్ళీ పరుగున వెళ్ళేదాన్ని. మామయ్య గది తలుపు దగ్గరికి వేసి ఉండేది. సూదిగాడు తింటూ మధ్యలో ఆగి ఆ తలుపు వైపు అరిచేవాడు.

నేను వెళ్ళి మామయ్యకి అంతా చెప్పేస్తానన్నాను. మా ఆయన వద్దన్నాడు. ఏమని చెప్తావు, మీ చెయ్యి ఎలా వణుకుతుందో నేర్చుకున్నానని చెప్తావా అన్నాడు. మేం మొదటిసారి పోట్లాడుకున్నది అప్పుడే. పోట్లాడాక ఎవరు ముందు పలకరించాలో ఇద్దరికీ తెలియక, మంచానికి చెరో అంచున ఇద్దరు అతిథుల్లా పడుకున్నాం. అత్తయ్యని అడిగితే గిన్నె తోముతూనే, పేరు పెట్టి పిలిస్తే ఏదైనా పలుకుతుందమ్మా, పిలవకుండా ఉంటే అదే పోతుందని చూస్తున్నాను అంది. ఆ గిన్నె అప్పటికే తెల్లగా తోమేసి ఉంది.

ఈలోగా సూదిగాడికి రెక్కలొచ్చాయి. కర్టెన్ కడ్డీ దాకా ఎగిరి, ఎలా దిగాలో తెలియక అక్కడే కూర్చుని మొత్తుకునేవాడు. షాపాయనకి ఫోన్ చేస్తే, ఇక ముద్ద మానిపించే వేళ వచ్చింది అన్నాడు. నానబెట్టిన గింజలూ, ఉడికించిన మొక్కజొన్నా, పండు ముక్కలూ పళ్ళెంలో ఎప్పుడూ అందుబాటులో ఉంచాలట. వాడే ఆడుకుంటూ నేర్చుకుంటాడు. బలవంతంగా మాన్పకూడదు, బలవంతంగా పెట్టకూడదు. అన్నిటికంటే ముందు ఏది మానుతాడు అని అడిగాను. "మధ్యాహ్నందేనమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు పొడి డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాను.

ఆయన చెప్పినట్టే జరిగింది. కొన్నాళ్ళకి మధ్యాహ్నం నేను పరుగెత్తుకొస్తే వాడు సిరంజి వైపు చూడనైనా చూడలేదు. తర్వాత పొద్దుటిది వదిలేశాడు. సాయంత్రం ఒక్కటే మిగిలింది, అదీ సగమే. మొక్కజొన్న గింజ ఒక కాలితో పట్టుకుని పొట్టు ఊడదీసుకునేవాడు. అత్తయ్య కూడా గుమ్మం దాటి వచ్చి చూసి ముచ్చటపడింది. నాకు మాత్రం ముచ్చటగా అనిపించలేదు. ఆ మిగిలిన సగం ముద్ద కూడా అయిపోతే మామయ్య గదిలోంచి మళ్ళీ వచ్చినా ఆయన చేతులకి చెయ్యడానికి ఏ పనీ ఉండదు. ఒళ్ళో ఒకదానికింద ఒకటి పడుకోవడమే.

అందుకే ఒక సెలవు రోజు పొద్దున్నే పళ్ళెం తీసి గిన్నెల అలమర పైన దాచేశాను. వాడికి బాగా ఆకలి వేస్తే పసిపిల్లాడిలా అరుస్తాడనీ, ఆ అరుపు వింటే మామయ్య లోపల ఉండలేరనీ నా లెక్క. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. సూదిగాడు పళ్ళెం ఉండే చోటికి వెళ్ళి వెతికాడు. బల్లమీద గుండ్రంగా తిరిగాడు. మధ్యాహ్నమయ్యేసరికి రెక్కలు వణికిస్తూ, మెడ దించి, చిన్నప్పటి గొంతుతో ఏడవడం మొదలుపెట్టాడు. వినలేక చెవులు మూసుకున్నాను. ఇక దింపేద్దాం అని స్టూలు లాగుతుంటే గది తలుపు తెరుచుకుంది.

"పళ్ళెం ఏదమ్మా?" అన్నారు మామయ్య.

పైకి చూపించాను. ఆయన స్టూలు పట్టుకుంటే నేనెక్కి దింపాను. సూదిగాడు దానిమీద పడి, గింజ నోట్లో ఉండగానే ఇంకో గింజ కోసం మిగతావన్నీ చెల్లాచెదురు చేశాడు. మామయ్య కాసేపు వాణ్ణి చూశారు.

"పసివాణ్ణి పస్తుపెట్టి నన్ను పిలిపించావా?"

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపుతోపాటు మాటా వచ్చేసింది. మీ చెయ్యి వణుకుతుంది మామయ్యా, అందుకే వాడు తిన్నాడు, నా చెయ్యి వణకదు, అందుకే తినలేదు, తల్లిచిలక అలాగే ఊపుతుంది, నేను మిమ్మల్ని చూసి నేర్చుకున్నాను, వెక్కిరించలేదు, ఒట్టు అని ఒక్క ఊపిరిలో అనేశాను. వంటింట్లో అత్తయ్య తిప్పిన కుళాయి ఆగింది.

మామయ్య పేము కుర్చీలో కూర్చున్నారు.

"వెక్కిరించావని నేనెప్పుడన్నానమ్మా? వెక్కిరించాలంటే కాస్త గడుసుతనం ఉండాలి. నీకది లేదు."

"మరెందుకు మామయ్యా…"

ఆయన రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి బల్లమీద పెట్టారు. అవి చెక్కమీద చిన్నగా చప్పుడు చేస్తూ ఆడాయి. ఈసారి నేను కిటికీ వైపు చూడలేదు.

"అంత ఉంటుందనుకోలేదు," అన్నారు. "ఏదో కొంచెమే అనుకున్నాను. మీ అత్తయ్య ఏమీ అనదు, అబ్బాయీ ఏమీ అనడు. పైకి తెలియడం లేదు కాబోలు అనుకున్నాను. డాక్టరు గారు తొందరపడ్డారని మనసులో తిట్టుకునేవాణ్ణి కూడా. ఆ రోజు నీ చేతిమీద చూశాను. బయటివాళ్ళకి ఇలా కనిపిస్తుందా అని." చేతుల వైపు చూసుకున్నారు. "డాక్టరు గారు మంచి మనిషి. నేనైనా సరే, అలాంటి చేతికి మన పిల్లాణ్ణి ఇవ్వను."

నేను ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. అప్పుడు నేను కొంచెం ఎక్కువ వణికించానని చెప్పబోయాను. నిజానికి ఎక్కువ వణికించలేదు. వాడు తిన్నది సరిగ్గా అంత వణుకుకే. అత్తయ్య వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది.

సాయంత్రం మామయ్య తనంతట తనే వచ్చి మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కున్నారు. ముద్ద కలిపావా అని అడిగారు. నేను ఉరుకులు పరుగులతో నీళ్ళు వెచ్చబెట్టి, థర్మామీటరు పెట్టి చూసి, కలిపి, సిరంజి నింపి ఇచ్చాను. ఆయన మణికట్టు బల్ల అంచున ఆనించి "రారా" అన్నారు. సూదిగాడు కర్టెన్ మీంచి ఎగిరొచ్చి సరిగ్గా ఆయన చేతిమీదే వాలాడు. నా ప్రాణం లేచొచ్చింది.

సిరంజి కొస వాడి ముక్కు మీద టకటకలాడింది. వాడు తల వంచి చూశాడు. మర్యాదకన్నట్టు ఒక్క చుక్క నాలుకతో తీసుకున్నాడు. తల విదిలించాడు. ఆ చుక్క ఎగిరి మామయ్య కళ్ళద్దం మీద పడింది. తర్వాత వాడు ఆయన చేతి వెంట బల్లమీదికి నడుచుకుంటూ దిగి, పళ్ళెం దగ్గరికి వెళ్ళి, మొక్కజొన్న గింజ ఏరుకుని కాలితో పట్టుకున్నాడు.

పొద్దున్నించీ ఆకలితో ఉండి ఇప్పుడు ఎక్కువ తినేశాడు మామయ్యా, రేపు మళ్ళీ పెడదాం, రేపు తప్పకుండా తింటాడు అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

"వద్దమ్మా. వద్దన్న నోట్లో పెట్టకూడదు. పెద్దాడయ్యాడు." కళ్ళద్దం తుడుచుకోకుండానే వాణ్ణి చూస్తూ, "మొన్నటిదాకా తినేవాడు కదూ" అన్నారు.

అవునంటే ఆ రోజులన్నీ ఆయన ఆ తలుపు వెనక పోగొట్టుకున్నట్టు. కాదంటే ఆయనే నమ్మరు. అవునన్నాను.

ముద్ద చల్లారేదాకా ఆయన సిరంజి అలాగే పట్టుకుని కూర్చున్నారు. కడగడానికి నేను చెయ్యి చాస్తే ఇవ్వలేదు. లేచి వెళ్ళి సింకులో ముద్ద వదిలేసి, గొట్టాన్నీ లోపలి పిడినీ విడదీసి, ఆస్పత్రిలో కడిగినట్టే ఒక్కొక్కటీ నీళ్ళకింద తిప్పి తిప్పి కడిగారు. పిడి చేతిలోంచి జారి గిన్నెల మధ్య పడింది. ఆయన వేళ్ళు దానికోసం వెతికాయి. తగిలింది, దొర్లిపోయింది. మళ్ళీ తగిలింది, మళ్ళీ దొర్లిపోయింది. అత్తయ్య కదలకుండా నిలబడి ఉంది. నేనూ కదల్లేదు.

"తియ్యమ్మా," అన్నారు మామయ్య, నీళ్ళవైపే చూస్తూ. "చెయ్యి వణుకుతోంది. నాకు దొరకడం లేదు."